ఫైళ్లు పోయాయా, దాక్కున్నాయా: విండోస్‌లో హిడెన్, సిస్టమ్ ఫైళ్లను చూడటం, దాచడం

మాది విజయనగరంలో గంట స్తంభం దగ్గర చిన్న డీటీపీ, జిరాక్సు షాపు. పెళ్లిపత్రికలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు... ఏది వచ్చినా చేస్తాం. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కదా, ఆ ముందు రోజుల్లో బ్యానర్ల పనితో కౌంటర్ మీద పెన్‌డ్రైవులు కుప్పగా పడి ఉంటాయి. ప్రతి సీజన్లోనూ ఎవరో ఒకరు టెన్షన్‌గా వచ్చి అనే మాట ఇది: "బాబూ, ఇందులో ఏటీ నేదు. రాత్రి వరకూ ఉన్నాది, అంతా పోనాది."

నా అనుభవంలో అలా వచ్చిన వాటిలో నిజంగా పోయినవి తక్కువ. ఫైలు ఉన్నచోటే ఉంటుంది, విండోస్ చూపించడం మానేస్తుంది, అంతే. ఈ తేడా తెలియక ఎవరో చెప్పారని ఫార్మాట్ కొట్టి తీసుకొస్తారు చూడండి, అప్పుడు మాత్రం నిజంగానే పోతాయి. అందుకని పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపిస్తే ముందు ఒక్క పని చేయండి.

దిస్ పీసీ తెరిచి, ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. యూజ్డ్ స్పేస్, ఫ్రీ స్పేస్ అని రెండు అంకెలు ఉంటాయి. ఆ మధ్య గజపతినగరం వైపు నుంచి ఒక మాస్టారు 16 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చారు. తెరిస్తే లోపల ఒకే ఒక్క షార్ట్‌కట్, దాని సైజు 2 కేబీ. ప్రాపర్టీస్‌లో మాత్రం యూజ్డ్ స్పేస్ 9 జీబీ దాటి ఉంది. రెండు కేబీల షార్ట్‌కట్ తొమ్మిది జీబీలు ఆక్రమించదు కదా. అంటే ఆయన ప్రశ్నపత్రాలు, వార్షికోత్సవం వీడియోలు అన్నీ లోపలే ఉన్నాయి. ఆ అంకె చూపించాకే మాస్టారు కుర్చీలో కూర్చున్నారు.

యూజ్డ్ స్పేస్ దాదాపు సున్నా చూపిస్తే అది వేరే సంగతి. ఫైళ్లు డిలీట్ అయ్యాయన్న మాట. పెన్‌డ్రైవులో డిలీట్ చేసినవి సాధారణంగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. అప్పుడు అందులో కొత్తగా ఏమీ కాపీ చేయకుండా తీసి పక్కన పెట్టి, రికవరీ చేసేవాళ్ల దగ్గరకు వెళ్లండి. పెట్టగానే "ఫార్మాట్ చేయాలి" అని అడిగే డ్రైవ్ కూడా వాళ్ల పనే. ఇక్కడ నేను చెప్పేది అంకెలో ఉండి కంటికి కనపడని ఫైళ్ల గురించి.

రెండు రకాల దాపరికం

విండోస్‌లో ప్రతి ఫైలుకీ, ఫోల్డరుకీ కొన్ని గుర్తులు తగిలించి ఉంటాయి. వాటిని ఆట్రిబ్యూట్లు అంటారు. విండోస్‌కి ముందున్న డాస్ కాలం నుంచీ ఉన్నవే ఇవి. మనకు కావలసినవి రెండు: హిడెన్, సిస్టమ్. హిడెన్ ఒక్కటే ఉంటే అది మామూలు దాపరికం, ఒక టిక్‌తో బయటపడుతుంది. హిడెన్, సిస్టమ్ రెండూ కలిపి ఉంటే విండోస్ దాన్ని తన సొంత ఫైలుగా లెక్కేసి ఇంకో పొర కింద దాస్తుంది. మామూలు టిక్ పెట్టినా అది కనిపించదు. "హిడెన్ ఆన్ చేశానండీ, అయినా రాలేదు" అని ఫోన్ చేసేవాళ్లందరిదీ ఈ రెండో రకమే. పెన్‌డ్రైవ్ వైరస్‌లు వాడేదీ దీన్నే.

మొదటి రకాన్ని చూడటం సులువు. విండోస్ బటన్, ఇంగ్లిష్ E అక్షరం కలిపి నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. విండోస్ 11 అయితే పైన వ్యూ నొక్కి, అడుగున షో మీదకు వెళ్లి, హిడెన్ ఐటమ్స్ ఎంచుకోండి. విండోస్ 10 అయితే పైన వ్యూ ట్యాబ్‌లో కుడివైపు హిడెన్ ఐటమ్స్ పక్కన చిన్న గడి ఉంటుంది, టిక్ పెట్టండి. దాగి ఉన్న ఫోల్డర్లు కాస్త వెలిసిపోయిన రంగులో ప్రత్యక్షమవుతాయి. ఆ వెలిసిన రంగే వాటికి ఆనవాలు, కంప్యూటర్ పాడైందని కంగారు పడకండి. మళ్లీ దాచాలంటే అదే చోట టిక్ తీసేయడమే.

మా చుట్టుపక్కల షాపుల్లో విండోస్ 7 కంప్యూటర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ దానికి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆపేసింది, అయినా పాత ప్రింటర్ డ్రైవర్ల కోసం, పాత పేజ్‌మేకర్ కోసం ఎవరూ వదలరు. అందులో ఎక్స్‌ప్లోరర్ తెరిచి ఆర్గనైజ్ నొక్కి, ఫోల్డర్ అండ్ సెర్చ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, వ్యూ ట్యాబ్ పట్టుకోవాలి.

అసలు ఏ విండోస్ అయినా సరే ఒకే దారిలో వెళ్లాలంటే నేను చేసేది ఇది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్‌లో కంట్రోల్, ఒక స్పేస్, ఫోల్డర్స్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫోల్డర్ ఆప్షన్స్ సూటిగా తెరుచుకుంటుంది. 7, 10, 11 మూడింటిలోనూ పనిచేస్తుంది. మెనూలు మారినప్పుడల్లా కొత్తగా వెతుక్కునే బాధ ఉండదు.

ఆ పెట్టెలో వ్యూ ట్యాబ్‌కి వెళ్తే పొడుగాటి జాబితా కనిపిస్తుంది. చూడవలసినవి మూడే. షో హిడెన్ ఫైల్స్, ఫోల్డర్స్ అండ్ డ్రైవ్స్ అన్నది మొదటిది, దాన్ని ఎంచుకోండి. రెండోది దాని కింద ఉండే హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్. దీనికి ముందే టిక్ ఉంటుంది. ఆ టిక్ తీసేస్తే సిస్టమ్ ఫైళ్లు కనిపిస్తాయి. టిక్ పెడితే దాగుతాయి, తీస్తే కనిపిస్తాయి, మొదటిదానికి ఇది తిరగబడి ఉంటుంది కాబట్టి గమనించుకోండి. టిక్ తీయగానే విండోస్ ఒక హెచ్చరిక చూపిస్తుంది: ఇవి లేకపోతే కంప్యూటర్ నడవదు, నిజంగా చూడాలా అని. ఎస్ అని, అప్లై కొట్టండి.

మూడోది హైడ్ ఎక్స్‌టెన్షన్స్ ఫర్ నోన్ ఫైల్ టైప్స్. దీని టిక్ తీసేసి ఎప్పటికీ అలాగే ఉంచుకోమంటాను. ఫైలు పేరు చివర డాట్ జేపీజీ, డాట్ డాక్స్ లాంటి తోకలు అప్పుడే కనిపిస్తాయి. ఫోల్డర్ బొమ్మ తగిలించుకుని, చివర డాట్ ఈఎక్స్‌ఈ అని ఉన్న వైరస్ మీకు తోక కనిపిస్తేనే దొరుకుతుంది. తోక దాగి ఉంటే అదీ ఫోల్డరే అనుకుని డబుల్ క్లిక్ చేసేస్తాం.

సీ డ్రైవులో ఏమేం బయటపడతాయి

రెండు టిక్కులూ మార్చాక సీ డ్రైవ్ తెరిస్తే కొత్త ముఖాలు చాలా కనిపిస్తాయి. వీటిని చూసి వైరస్ అని డిలీట్ చేయబోయేవాళ్లు ఎక్కువ కాబట్టి ముఖ్యమైనవి చెప్తాను.

పేజ్‌ఫైల్ డాట్ సిస్ అని ఉంటుంది, కొన్ని జీబీలు కూడా ఉండొచ్చు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ హార్డ్ డిస్కులో వాడుకునే జాగా అది. విండోస్ నడుస్తుండగా డిలీట్ కాదు, చేయాల్సిన అవసరమూ లేదు. హైబర్‌ఫిల్ డాట్ సిస్ అన్నది హైబర్నేట్ కోసం, అంటే తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచుకుని కంప్యూటర్ ఆగిపోవడం కోసం. ఇది సాధారణంగా ర్యామ్ సైజులో 40 శాతం దాకా జాగా తింటుంది. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న చిన్న లాప్‌టాప్‌లో అది భారమే. వద్దనుకుంటే ఫైలును పట్టుకుని డిలీట్ కొట్టకూడదు. కమాండ్లు టైప్ చేసే నల్ల పెట్టె, కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పీ, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సీ, ఎఫ్, జీ, ఒక స్పేస్, స్లాష్ హెచ్, ఒక స్పేస్, ఆఫ్ అని కొడితే విండోసే దాన్ని తీసేస్తుంది. దాంతో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఆన్ అవడం కాస్త నెమ్మదిస్తుంది. మళ్లీ కావాలంటే ఆఫ్ బదులు ఆన్.

సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్ మీద మా షాపులో రోజూ పంచాయితీ. సీ డ్రైవులో అయితే రిస్టోర్ పాయింట్లు, అంటే కంప్యూటర్‌ని పాత స్థితికి తెచ్చుకునే గుర్తులు, అందులోనే ఉంటాయి. విండోస్ 10, 11 దాన్ని పెన్‌డ్రైవులో కూడా పెడతాయి. డిలీట్ చేస్తే ఇంకోసారి పెట్టినప్పుడు మళ్లీ పుడుతుంది. అది వైరస్ కాదు, వదిలేయండి. డెస్క్‌టాప్ మీద ఒకే పేరుతో రెండు డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ ఫైళ్లు కనిపించినా అంతే. ఒకటి మీ అకౌంటుది, ఇంకోటి అందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ డెస్క్‌టాప్‌ది. ఫోల్డర్ బొమ్మ, పేరు ఎలా కనపడాలో రాసుకునే చిన్న ఫైళ్లు అవి.

నిజంగా పనికొచ్చేది యాప్‌డేటా. మీ యూజర్ ఫోల్డర్‌లో ఉంటుంది, దీనికి హిడెన్ గుర్తు ఒక్కటే, అందుకే మొదటి టిక్‌తోనే కనిపిస్తుంది. మనకు గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో, యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో తెలీదు. సేవ్ చేయని వర్డ్ ఫైలు అలా ఆగిపోతే యాప్‌డేటాలో రోమింగ్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో వర్డ్ ఫోల్డర్ చూడండి. ఆటో రికవర్ కాపీలు డాట్ ఏఎస్‌డీ తోకతో అక్కడ ఉంటాయి. వర్డ్‌లోనే ఓపెన్ అవుతాయి. అసలు ఒక్కసారి కూడా సేవ్ చేయని ఫైలు అయితే యాప్‌డేటాలో లోకల్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్, అన్‌సేవ్డ్ ఫైల్స్ వరకూ వెళ్లండి. తెలుగులో నాలుగు పేజీలు కొట్టాక కరెంటు పోతే ఎలా ఉంటుందో కొట్టేవాళ్లకే తెలుసు. ఆ ఫోల్డర్లలో చూడకుండా మళ్లీ మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టొద్దు.

షార్ట్‌కట్ వైరస్ పట్టిన పెన్‌డ్రైవ్

ఇక మాస్టారి పెన్‌డ్రైవ్ సంగతి. పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రామ్ తనంతట తానే నడిచే ఏర్పాటును విండోస్ 7 నుంచి తీసేశారు. అప్పటినుంచి వైరస్‌లు మనచేతే క్లిక్ చేయించే ఉపాయం పట్టాయి. మీ అసలు ఫోల్డర్లకి హిడెన్, సిస్టమ్ రెండు గుర్తులూ తగిలించి మాయం చేసి, అదే పేరుతో షార్ట్‌కట్లు పెడతాయి. మీరు నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అందుకే చాలామందికి అనుమానమే రాదు. ఒక షాపులో అంటించుకుని పది షాపులకు మోసుకెళ్తారు.

కాబట్టి మొదటి మాట, ఆ షార్ట్‌కట్‌ని డబుల్ క్లిక్ చేయొద్దు. పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ నొక్కండి, అది విండోస్‌తో వచ్చే యాంటీవైరస్. విండోస్ 11లో అది షో మోర్ ఆప్షన్స్ కింద ఉండొచ్చు. వైరస్‌ని తీసేస్తుంది గానీ, దాచిన ఫోల్డర్లని మాత్రం సాధారణంగా బయటకు తేదు. "స్కాన్ చేశాను, అయినా ఫైళ్లు రాలేదు" అన్న ఫిర్యాదు ఇక్కడిదే.

ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఆ రెండో టిక్ తీస్తే ఫోల్డర్లు వెలిసిపోయి కనిపిస్తాయి. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్ తీద్దామంటే ఆ గడి బూడిద రంగులో బిగుసుకుపోయి ఉంటుంది, మౌస్‌కి లొంగదు. సిస్టమ్ గుర్తు ఉన్నంతవరకూ అంతే. రెండింటినీ ఒకేసారి తీయాలంటే కమాండే దారి. రాజాం నుంచీ, చీపురుపల్లి నుంచీ ఫోన్ చేసే షాపుల వాళ్లకి చెప్పినట్టే అక్షరం అక్షరం చెప్తాను.

ముందు దిస్ పీసీలో పెన్‌డ్రైవ్ లెటర్ ఏదో చూసుకోండి. ఎఫ్ అనుకుందాం. విండోస్ బటన్ నొక్కి సీ, ఎమ్, డీ అని టైప్ చేసి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇలా కొట్టండి:

ఏ, టీ, టీ, ఆర్, ఐ, బీ. ఒక స్పేస్. మైనస్ హెచ్. స్పేస్. మైనస్ ఎస్. స్పేస్. మైనస్ ఆర్. స్పేస్. ఎఫ్, రెండు చుక్కల కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్, చుక్క, స్టార్. స్పేస్. స్లాష్ ఎస్. స్పేస్. స్లాష్ డీ. ఎంటర్.

ఇందులో మైనస్ అంటే ఆ గుర్తు తీసెయ్ అని. హెచ్ హిడెన్, ఎస్ సిస్టమ్, ఆర్ రీడ్ ఓన్లీ. స్లాష్ ఎస్ అంటే లోపలి ఫోల్డర్లలోని ఫైళ్లకి కూడా, స్లాష్ డీ అంటే ఫోల్డర్లకి కూడా. ఈ స్లాష్ డీ మర్చిపోయే చాలామంది "కమాండ్ కొట్టినా రాలేదు" అంటారు. బ్యాక్‌స్లాష్, స్లాష్ వేరువేరు కీలని గుర్తుంచుకోండి. ఫోన్లో చెప్పేటప్పుడు సగం టైము దానికే పోతుంది.

ఎంటర్ కొట్టాక ఏమీ జరగనట్టు ఉంటుంది. కర్సర్ అలా కొట్టుకుంటూ ఉంటుంది, ఫైళ్లు ఎక్కువైతే కొంతసేపు పడుతుంది. మళ్లీ పాత లైను వచ్చేదాకా పెన్‌డ్రైవ్ లాగొద్దు. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ దగ్గర యాక్సెస్ డినైడ్ అని రావచ్చు, దాంతో పనిలేదు.

డ్రైవ్ లెటర్ మాత్రం రెండుసార్లు చూసుకోండి. పొరపాటున కూడా సీ డ్రైవ్ మీద ఈ కమాండ్ కొట్టకూడదు. విండోస్ తన ఫైళ్లకి పెట్టుకున్న గుర్తులన్నీ ఊడిపోతాయి, తర్వాత ఏవి ఎవరివో సర్దడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ తెరిస్తే కొన్నిసార్లు పేరే లేని ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది. బొమ్మ ఉంటుంది, కింద ఏమీ రాసి ఉండదు. మాస్టారి పెన్‌డ్రైవులో అదే ఉంది. కొన్ని వైరస్‌లు అన్నిటినీ తీసుకెళ్లి ఆ పేరులేని ఫోల్డర్లో కుక్కుతాయి. తెరిచి, మీ డాక్యుమెంట్లు, ఫోటోలు మాత్రం కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. డాట్ వీబీఎస్, డాట్ ఈఎక్స్‌ఈ, డాట్ ఎల్‌ఎన్‌కే తోకలున్న తెలియని ఫైళ్లు కాపీ చేయొద్దు. అన్నీ వచ్చాయని తెరిచి చూసుకున్నాక అప్పుడు పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టండి. ఫార్మాట్ వద్దని నేను అననండీ, చివరన కొట్టాలంటాను.

ఫోల్డర్ ఆప్షన్స్‌లో టిక్ పెట్టినా, అప్లై కొట్టి మళ్లీ తెరిస్తే మొదటికే వస్తోందంటే వైరస్ కంప్యూటర్‌లోకే ఎక్కిందని అనుమానించండి. డిఫెండర్‌లో ఫుల్ స్కాన్ పెట్టి రాత్రంతా వదిలేయండి. తర్వాత కూడా కుదరకపోతే, విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు రిజిస్ట్రీ, ఆ రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, ఎక్స్‌ప్లోరర్, అడ్వాన్స్‌డ్ దాకా వెళ్తే హిడెన్ అనే విలువ ఉంటుంది. 1 అయితే చూపిస్తుంది, 2 అయితే దాస్తుంది. దాని తోడు షో సూపర్ హిడెన్: 1 అయితే సిస్టమ్ ఫైళ్లు కనిపిస్తాయి, 0 అయితే లేదు. రిజిస్ట్రీ అలవాటు లేనివాళ్లు అక్కడ చేయి పెట్టకండి, తెలిసినవాళ్లని కూర్చోబెట్టుకుని చేయించుకోండి.

మనమే దాచాలంటే

ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, హిడెన్ దగ్గర టిక్, అప్లై. ఈ ఫోల్డర్ ఒక్కటేనా, లోపలివన్నీనా అని అడుగుతుంది. ఫోల్డర్ ఒక్కటి చాలు. ఇంకా గట్టిగా దాచాలంటే ఇందాకటి కమాండ్‌లో మైనస్ హెచ్, మైనస్ ఎస్ బదులు ప్లస్ హెచ్, ప్లస్ ఎస్ పెట్టి, ఎఫ్ కోలన్ నుంచి స్టార్ దాకా ఉన్న భాగం చోట ఫోల్డర్ పూర్తి దారి ఇచ్చి కొట్టడమే. చివర స్లాష్ ఎస్, స్లాష్ డీ అక్కర్లేదు. పేరులో స్పేస్ ఉంటే దారి మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి.

కానీ దీన్ని తాళం అనుకోకండి. షాపులో పనిచేసే కుర్రాడు పొరపాటున ఫోల్డర్ లాగేయకుండా ఉండటానికి హిడెన్ పనికొస్తుంది, నేనూ ఫాంట్ల బ్యాకప్ అలాగే దాస్తాను. ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు, ఇంటి ఫోటోలు దాచడానికి మాత్రం పనికిరాదు. పైన చెప్పిన టిక్కులు తెలిసినవాడికి అది బట్టబయలే. వాటికి సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సెవెన్‌జెడ్ రకం ఆర్కైవ్ చేసి పాస్‌వర్డ్ పెట్టండి, ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్ కూడా టిక్ చేయండి, లేకపోతే లోపలి పేర్లు కనిపిస్తాయి. విండోస్ ప్రో ఉంటే డ్రైవ్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ ఉంది. పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం నా దగ్గరకు తెచ్చినా లాభం లేదు.

పని అయ్యాక ఫోల్డర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్ల టిక్ మళ్లీ పెట్టేయండి. మొదటి టిక్ తెరిచి ఉంచుకున్నా నష్టం లేదు, నా కంప్యూటర్‌లో ఎప్పుడూ ఆనే. రెండోది తెరిచి వదిలేస్తే ఇంట్లో పిల్లలో, షాపులో కుర్రాళ్లో జాగా కోసమని ఏదో ఒకటి తీసేస్తారు. ఏం మార్చారో గుర్తులేకపోతే అదే ట్యాబ్ అడుగున రిస్టోర్ డీఫాల్ట్స్ బటన్ ఉంది, నొక్కండి.

మ్యాక్ వాడే ఫోటోగ్రాఫర్ల పెన్‌డ్రైవులకి ఒక తిరకాసు ఉంది. హిడెన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటో రెండేసి కనిపించవచ్చు. చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యేది నాలుగు కేబీలే ఉంటుంది, ఓపెన్ కాదు. అది మ్యాక్ రాసుకున్న లెక్క, ఫోటో కాదు. పెద్ద సైజున్న రెండోది తీసుకోండి. మ్యాక్‌లోనే దాగినవి చూడాలంటే ఫైండర్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క కలిపి నొక్కాలి. లినక్స్‌లో పేరు ముందు చుక్క ఉంటే అది దాగినట్టే, ఉబుంటు ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే బయటికొస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఈ చుక్క పద్ధతే. ఫైల్ మేనేజర్ సెట్టింగ్స్‌లో షో హిడెన్ ఫైల్స్ ఆన్ చేసుకుంటే చాలు. గ్యాలరీలో ఏదైనా ఫోల్డర్ ఫోటోలు ఒక్కసారిగా కనపడటం మానేస్తే, ఆ ఫోల్డర్లో డాట్ నోమీడియా అనే ఖాళీ ఫైలు ఉందేమో చూడండి. దాన్ని తీసేసి ఫోన్ రీస్టార్ట్ చేస్తే ఫోటోలు మళ్లీ గ్యాలరీలోకి వస్తాయి.